సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ పేరు మార్పిడి: ఆర్సీలో ఉన్న హెచ్‌పీ సంగతి ముందు చూడండి

ట్రాక్టర్ బేరంలో హెచ్‌పీ అనే మాట రెండుసార్లు వినబడుతుంది. బండి ముందు నిలబడి అడిగేది హార్స్ పవర్. రవాణా ఆఫీసు కౌంటర్లో అడిగేది హైపోథికేషన్, అంటే లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు ఆర్సీలో ఉండటం. మొదటిది తెలియని రైతు ఉండడు. రెండోదాని దగ్గరే జనం వెనక్కి తిరుగుతున్నారు. పోయిన నెల మా బావమరిది పని మీద వెళ్తే ఒక్క పూటలో నా కళ్లముందే ముగ్గురు అలా వెళ్లిపోయారు. ముగ్గురి చేతుల్లోనూ సంతకాలు పెట్టిన ఫారాలున్నాయి. ముగ్గురూ డబ్బు మొత్తం ముందే ఇచ్చేశారు.

మావాడు ఫిరంగిపురం వైపు కొండ వాలులో కొత్తగా నాలుగెకరాలు కొన్నాడు. అలాంటి నేలకు బండి చూసేటప్పుడు పెయింటు, టైర్ల కంటే బ్రేకులు ముఖ్యం. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి ఉంచే లాక్ సరిగ్గా పడుతుందో లేదో చూడండి. తర్వాత ఎత్తు ఎక్కించి మధ్యలో ఆపమనండి. బండి ఒక పక్కకు లాగినా, మెల్లగా వెనక్కి జారినా రేటు తగ్గిస్తామన్న మాటకు పడిపోవద్దు, ముందు రిపేరు చేయించమనండి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే మేలు. చక్రాల మధ్య వెడల్పు పెంచుకునే వీలుంటే ఇంకా మేలు. మిగతాది మీ వెంట వచ్చే ఆటోనగర్ మెకానిక్ చూసుకుంటాడు. కాగితాలు మాత్రం ఆయన చూడడు.

దరఖాస్తు పెద్ద పనేం కాదు. పరివాహన్ వెబ్‌సైట్‌లో పేరు మార్పిడికి అప్లై చేసి ఫీజు కట్టాలి. అమ్మినవారి సంతకంతో ఫారం 29 రెండు కాపీలు, ఇద్దరి సంతకాలతో ఫారం 30, ఆర్సీ, నడుస్తున్న ఇన్సూరెన్సు, ఆధార్, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ ఉండాలి. అమ్మకం రాష్ట్రంలోనే జరిగితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి.

పెన్సిల్ ప్రింట్ అడ్వాన్సు ఇవ్వకముందే తీసుకోండి. కిరసనాయిలు గుడ్డతో గ్రీజు తుడిచి, తెల్ల కాగితం ఆనించి, పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దితే అంకెలు తేలతాయి. ఒక్కో అంకె ఆర్సీతో పోల్చండి. ఇంజిన్ నంబరు కూడా చూడండి. పాత బండ్లకు ఇంజిన్ మార్చేసి ఆర్సీలో ఎక్కించకుండా వదిలేసేవాళ్లున్నారు.

ఇక హెచ్‌పీ. "లోన్ ఎప్పుడో తీరిపోయిందండీ" అని అమ్మేవాళ్లంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ బాకీ తీరినంత మాత్రాన ఆర్సీలో బ్యాంకు పేరు పోయినట్టు కాదు. చివరి కిస్తీ రసీదు చూపించినా, పాస్‌బుక్‌లో సున్నా చూపించినా కౌంటర్లో ఒప్పుకోరు. లోన్ ఒప్పందం ముగిసిందని తెలిపే ఫారం 35 కావాలి. దాని మీద ఆర్సీలో పేరున్న యజమాని సంతకం, బ్యాంకు అధికారి సంతకం, సీలు ఉండాలి. దాంతోపాటు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. అందులో బండి నంబరు, ఛాసిస్ నంబరు సరిగ్గా పడ్డాయో లేదో బ్రాంచిలోనే నిలబడి చదువుకోండి. బయటికొచ్చాక తప్పు కనబడితే మళ్లీ ఆ అమ్మినాయన్ని బతిమాలి తీసుకురావాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పాత ఆర్సీల్లో ఆంధ్రా బ్యాంకు అనో, చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు అనో ఉంటుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. చైతన్య గోదావరి 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. కంగారు పడక్కర్లేదు, కాగితం ఇప్పటి బ్యాంకే ఇస్తుంది. ఆ లోన్ ఫలానా పాత బ్యాంకుదని ఎన్‌ఓసీలో ఒక వాక్యం రాయించుకోండి.

బాకీ ఇంకా మిగిలుంటే ఆ మేరకు సొమ్ము అమ్మేవాళ్ల చేతికివ్వకుండా, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి నేరుగా లోన్ ఖాతాలో కట్టండి. మిగతాది ఫారం 35 చేతికొచ్చిన రోజు ఇవ్వండి. "నాకొదిలేయండి, నేను చూసుకుంటా" అనే మనిషి ప్రతి ఆఫీసు బయటా ఉంటాడు. మీ బదులు క్యూలో నిలబడగలడేమో గానీ, బ్యాంకు సంతకం తేలేడు.

అమ్మేవారి పేరే ఆర్సీలో ఉందా? మధ్యలో ఇద్దరి చేతులు మారి, మొదటి యజమాని సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు మాత్రమే వస్తుంటే ఆ యజమానిని కలవకుండా డబ్బు కదపొద్దు. ఆయన చనిపోయి ఉంటే ముందు వారసులు ఫారం 31తో తమ పేరు మీదకు మార్చుకోవాలి. బతికుండి రావడానికి బద్ధకిస్తుంటే ఒక మాట చెప్పండి: ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్న మనిషే యజమాని లెక్క అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మాట వినగానే చాలామంది చెప్పులు వేసుకుంటారు.

ప్లేటు మీద ఏపీ 20 గానీ ఏపీ 24 గానీ ఉంటే మన రాష్ట్రం బండే అనుకోకండి. అవి 2014కు ముందు ఖమ్మం, నల్గొండ నంబర్లు. అంటే తెలంగాణ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. అది దాటిన బండికి ముందు రెన్యువల్ అయిందో లేదో చూడండి.

పేరు మారాక ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. తొట్టికి, అంటే ట్రైలర్‌కు, విడిగా నంబరు, విడిగా ఆర్సీ ఉంటాయి, దానికి ఈ తతంగమంతా మళ్లీ మొదటి నుంచి. మా బావమరిది ట్రాక్టర్ ఆర్సీ చూసుకున్న సంబరంలో దాన్ని మర్చిపోయాడు. సోమవారం మళ్లీ వెళ్తున్నాం.