మూసిన వార్డు మళ్లీ తెరిచే ముందు కుళాయి నీళ్లు చూసుకోండి

రిపేర్ల కోసం కొన్ని వారాలు మూసేసిన వార్డు తెరుస్తున్నారంటే రంగులు, మంచాలు, ఏసీలు అన్నీ చూస్తారు గానీ, ఇన్నాళ్లూ పైపుల్లో కదలకుండా నిలిచిపోయిన నీళ్ల సంగతి ఎవరూ అడగరు. న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగేది అక్కడే. 25 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చదనం, పైపు లోపల జిగట పాచి, అందులో అమీబాలు ఉంటే దానికి చాలు. అమీబా లోపలికి దూరి కూర్చుంటుంది కాబట్టి క్లోరిన్ దాన్ని సులభంగా చంపలేదు. మన ఎండల్లో మేడ మీద ట్యాంకులో చన్నీళ్లు కూడా ఆ వేడికి వచ్చేస్తాయి.

ల్యాబ్‌లో కల్చర్‌కు, అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూడటానికి, పది రోజుల దాకా పడుతుంది, అందుకే వార్డు తెరిచే తేదీకి రెండు వారాల ముందే శాంపిళ్లు పంపండి. ఒక్క కుళాయి దగ్గర పట్టి సరే అనుకోవద్దు. ఒకే భవనంలో ఒక అంతస్తులో ఒక రకం, ఇంకో అంతస్తులో జన్యుపరంగా వేరే రకం ఉండొచ్చు, రెండూ ఒకే షవర్‌లోనూ దొరకొచ్చు. బ్యాక్టీరియా దొరికితే అది పెరిగిన ల్యాబ్ ప్లేట్లు పారేయనివ్వకండి, దాచమని ల్యాబ్ వాళ్లకు రాసి ఇవ్వండి. రేపు ఎవరికైనా న్యుమోనియా వస్తే అది ఈ నీళ్లదా, బయటదా అని తేల్చేది, పేషెంట్ దగ్గర దొరికిన బ్యాక్టీరియాను దాచిన దానితో పోల్చడమే. ఏడు జన్యువులు మాత్రమే చూసి రకం తేల్చే టైపింగ్‌తో సరిపెట్టుకోవద్దు, ఎస్‌టీ1 అనే రకం చాలా దేశాల ఆసుపత్రి నీళ్లలో కనిపిస్తుంది కాబట్టి మొత్తం జీనోమ్, అంటే జన్యువులన్నీ చూస్తేనే గట్టిగా చెప్పగలం.

డాక్టర్లకు ఒక మాట. ఈ జబ్బుకు చేసే మూత్ర పరీక్ష ప్రధానంగా లెజియోనెల్లాలో సీరోగ్రూప్ 1 అనే ఒక్క ఉపరకాన్నే పట్టుకుంటుంది. నెగటివ్ వచ్చిందని వదిలేయకండి, పాజిటివ్ వచ్చిందని ఆగిపోనూ వద్దు, కఫం కల్చర్‌కు పంపండి. అది లేకపోతే నీళ్లతో పోల్చడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

ఇక ప్లంబింగ్. వాష్‌బేసిన్ తీసేసిన చోట మూత బిగించి వదిలేసిన పైపు ముక్క ఉంటుంది చూడండి, దాన్ని మొదలంటా కోయించండి. వేడినీళ్ల ట్యాంకు 60 డిగ్రీల దగ్గర ఉంచండి, కుళాయి దగ్గరకు కనీసం 50 రావాలి, ఒళ్లు కాలకుండా మిక్సింగ్ వాల్వ్ మాత్రం తప్పనిసరి. నిలిచిన నీళ్లు పోయేలా ప్రతి కుళాయీ తిప్పి వదిలే మనిషికి ఎన్95 మాస్క్ ఇవ్వండి, తుంపర పీల్చడం వల్లే ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. షవర్ తల విప్పేసి నీళ్లు వదలండి.

నెబ్యులైజర్‌లో స్టెరైల్ నీళ్లే పోయాలి, ఫిల్టర్ నీళ్లు కూడా వద్దు. కీమో, కిడ్నీ మార్పిడి పేషెంట్లకు రిపోర్టు వచ్చేదాకా షవర్ వద్దు, స్టెరైల్ నీళ్లతో ఒళ్లు తుడిస్తే చాలు.