పిల్లల చేతికి డీఎన్ఏ: ముందు చూడటం, తర్వాత కత్తిరించి అతికించడం

డీఎన్ఏ పాఠాన్ని మెలితిరిగిన నిచ్చెన బొమ్మతో మొదలుపెట్టడం కంటే, ముందుగా ఆ పదార్థాన్ని పిల్లల కంటికి చూపించడమే మేలని నా నమ్మకం. ఇందుకు బాగా పండిన స్ట్రాబెర్రీలు అనువైనవి. మన కణాల్లో డీఎన్ఏ చుట్టలైన క్రోమోజోములు రెండేసి ప్రతులుగా ఉంటే, సాగు స్ట్రాబెర్రీలో ఎనిమిదేసి ఉంటాయి; కనుక డీఎన్ఏ బాగా దొరుకుతుంది.

రెండు మూడు పండ్లను జిప్ సంచిలో వేసి పిల్లల చేతనే మెత్తగా నలిపించాలి. అర కప్పు నీటిలో రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవ సబ్బు, అర చెంచా ఉప్పు కలిపి, ఆ ద్రావణాన్ని సంచిలో పోసి, నురగ రాకుండా నెమ్మదిగా కలిపి వడకట్టాలి. సబ్బు కణపు పొరల్లోని కొవ్వును విడదీస్తుంది. ఉప్పు డీఎన్ఏ పోగులు దగ్గరగా చేరడానికి తోడ్పడుతుంది. వడకట్టిన రసం మీద, గ్లాసు అంచు వెంబడి, బాగా చల్లబరిచిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పెద్దవాళ్లే పోయాలి. అది త్వరగా అంటుకునే ద్రవం కనుక దగ్గరలో మంట ఉండకూడదు, దేన్నీ రుచి చూడనివ్వకూడదు. ఆల్కహాల్‌లో డీఎన్ఏ కరగదు కాబట్టి, కొన్ని నిమిషాల్లో రెండు పొరలు కలిసేచోట తెల్లని, జిగురుజిగురుగా ఉండే పోగులు తేలతాయి. వాటిని పుల్లకు చుట్టి పైకి తీయవచ్చు. కనిపిస్తున్నది ఒక్క అణువు కాదని, అసంఖ్యాకమైన డీఎన్ఏ అణువులు కొంత ప్రోటీన్‌తో కలిసిన ముద్ద అని తప్పక చెప్పాలి.

జన్యు ఇంజనీరింగ్‌కు నమూనాగా కాగితం, కత్తెర, టేపు చాలు. డీఎన్ఏ వరుసను ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాస్తారు; ఏ ఎదుట టీ, జీ ఎదుట సీ జతపడతాయి. ఒక రంగు కాగితపు పట్టీ మీద పై వరుసలో ఎక్కడో ఒకచోట జీఏఏటీటీసీ అని, దాని కింద సీటీటీఏఏజీ అని రాసి, కొసలు అతికించి వలయం చేస్తే అదే ప్లాస్మిడ్, అంటే బాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్ఏ వలయం. మరో రంగు పట్టీలో ఇదే వరుసను రెండు చివర్లా రాసి, నడుమ ఇన్సులిన్ జన్యువు అని రాయించాలి. ఈకోఆర్‌వన్ అనే ఎంజైము పై వరుసలో జీకీ ఏకీ మధ్య, కింది వరుసలోనూ ఏకీ జీకీ మధ్య కోస్తుంది; కనుక కోత నిలువుగా కాక మెట్టులా వచ్చి, నాలుగు అక్షరాల కొస మిగులుతుంది. ఆ కొసలు జతపడ్డచోట వేసే టేపు, డీఎన్ఏను అతికించే లైగేజ్ ఎంజైము పని చేస్తుంది. 1973లో శాస్త్రవేత్తలు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ ఈ ఎంజైములతోనే కొత్త ప్లాస్మిడ్లు కూర్చి బాక్టీరియాలోకి పంపారు; 1978 నాటికి బాక్టీరియా చేత మానవ ఇన్సులిన్ తయారైంది.

మరో ఎంజైము కోసినట్టుగా, జీజీఏటీసీసీ దగ్గర, మొదటి రెండు జీల మధ్య కోసిన పట్టీని కూడా ఒకటి ఇవ్వండి. అతికించబోతే మధ్య రెండు అక్షరాలు కుదురుతాయి, అటూ ఇటూ ఉన్నవి కుదరవు. ఏ ఎంజైము దేన్ని కోయాలో శాస్త్రవేత్తలు ముందే ఎందుకు నిర్ణయించుకుంటారో అప్పుడు పిల్లలే చెబుతారు.