ఉన్ని కత్తిరించే ముందు ఒకసారి చేత్తో తడిమి చూడండి

లామాలు, అల్పాకాల విషయంలో కళ్లను నమ్మితే మోసపోతాం. ఒంటె కుటుంబానికి చెందిన ఈ జీవాలు జబ్బును దాచుకోవడంలో ఆరితేరినవి. దానికి తోడు ఏడాదిపాటు పెరిగిన ఉన్ని, లోపల ఒళ్లు ఎంత కరిగిపోయిందో పైకి తెలియనివ్వదు. మందలో అన్నిటికన్నా బొద్దుగా కనబడే అల్పాకా వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక కత్తిలా తగలొచ్చు. జబ్బులతో పోరాడే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, అదే లింఫోమా, ఉన్ని తీశాక గానీ అనుమానానికి రాకపోవడం ఇందువల్లే. అప్పటికి చెయ్యగలిగింది పెద్దగా మిగలదు.

ఈ జీవాలకు వచ్చే క్యాన్సర్లలో తరచూ కనబడేవాటిలో ఇదొకటి. ముసలివాటికే వస్తుందని అనుకోకండి, అల్పాకాల్లో లేత వయసువాటికీ వస్తుంది. ఆవుల్లో ల్యూకోసిస్, పిల్లుల్లో ల్యుకేమియా అనే క్యాన్సర్లకు ఉన్నట్టు దీని వెనక ఫలానా వైరస్ ఉందని తేలలేదు. టీకా లేదు, రాకుండా ఆపే మందూ లేదు. మన చేతిలో ఉన్నవి రెండే: ముందుగా పసిగట్టడం, జబ్బు ముదిరిన జీవాన్ని కత్తిరింపు రోజున చేజేతులా చంపుకోకుండా చూసుకోవడం.

రెండోది ఎందుకంటున్నానంటే, కత్తిరింపప్పుడు చాలాచోట్ల కాళ్లకు తాళ్లు కట్టి, ముందుకూ వెనక్కూ సాగదీసి పక్కకు పడుకోబెడతారు. ఆరోగ్యంగా ఉన్నదానికి అది కాసేపటి చికాకు. ఛాతీలో గడ్డ పెరిగి ఊపిరితిత్తుల్ని నొక్కుతున్నదానికి మాత్రం అదే ప్రాణాంతకం కావచ్చు. ఇవి మామూలుగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాయి. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా నోరు తెరిచి రొప్పుతోందంటే కత్తెర పక్కన పెట్టి డాక్టర్‌ని పిలవాల్సిందే.

కత్తిరింపుకి రెండు మూడు వారాల ముందే మందలో ఒక్కోదాన్నీ పట్టుకుని చూడండి. భుజాలు దాటాక, వీపు మధ్యలో, ఉన్నిలోకి వేళ్లు పూర్తిగా దూర్చి వెన్నెముక మీద అరచెయ్యి బోర్లించండి. ఎముక నుంచి రెండు పక్కలకీ కండ పెంకుటింటి కప్పులా సాఫీగా వాలి ఉంటే సరిపోయినట్టే. ఆ వాలు లోపలికి గుంటపడి ఉంటే చిక్కిపోయినట్టు. తూచి బరువు రాసుకోండి. ఒక్క తూకంతో తెలిసేది తక్కువ, కిందటిసారి అంకె పక్కన పెట్టి చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఆ చేత్తోనే దవడ కింద, భుజం ముందు, గజ్జల్లో తడమండి. మామూలుగా ఈ జీవాల్లో లింఫ్ గ్రంథులు చేతికి సులువుగా అందవు. బిళ్ల కట్టినట్టు గట్టిగా ఏదైనా తగిలితే తేలిగ్గా తీసుకోకండి. అయితే బిళ్ల తగల్లేదు కదా అని ధీమా పడొద్దు, గడ్డలు ఛాతీలోనో పొట్టలోనో ఉంటే బయటికి ఏమీ తెలియదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చిక్కిందనగానే నట్టల మందు పోస్తారు, నెల చూస్తారు, మళ్లీ పోస్తారు. నిజమే, చిక్కిపోవడానికి ఎక్కువసార్లు కారణం నట్టలే, లేదా అరిగిపోయిన పళ్లు. కానీ ముందు పెంటికలు పరీక్ష చేయించండి, కనురెప్ప లోపల పాలిపోయిందేమో చూడండి. నట్టలు లేవని తేలినా, మందు పనిచేసినా బరువు ఇంకా పడిపోతుంటే మూడోసారి మందు పోయడం కాలయాపనే. రక్తపరీక్ష, ఛాతీకీ పొట్టకీ అల్ట్రాసౌండ్ చేయించండి.

బిళ్లను మీరు కోయకండి. దవడ మీది వాపు పంటి వేరు దగ్గర పట్టిన చీము కావచ్చు. గ్రంథుల్లో చీముపట్టే అంటుజబ్బు కూడా ఒకటుంది, ఆ చీము నేలమీద పడితే మందలోని మిగతావాటికీ పాకుతుంది. డాక్టర్ సన్నటి సూదితో కణాలు తీసి చూస్తారు, తేలకపోతే బయాప్సీ చేస్తారు, అంటే చిన్న ముక్క కోసి పరీక్షిస్తారు. నమూనా తీయకముందే స్టెరాయిడ్ ఇమ్మని పట్టుబట్టకండి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా అసలు జబ్బును గుర్తుపట్టడం కష్టమవుతుంది. చూడితో ఉన్నదైతే చూడి పోయే ప్రమాదమూ ఉంది.

అనుమానం ఉన్నదాన్ని కత్తిరింపు రోజున సాగదీయొద్దు. ఎండలు ముదిరి తప్పనిసరైతే నిలబెట్టి, పొట్ట చుట్టూ ఉన్న ఉన్ని వరకే తీయించి వదిలేయండి. పక్కన తోటి జీవం ఒకటి ఉండనివ్వండి, ఒంటరిగా కడితే బెదిరి మేత మానేస్తాయి. మేత మానేసినదాన్ని రేపు చూద్దాంలే అనుకోకూడదు. ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోతుంది, ఒక్కోసారి క్యాన్సర్ కన్నా ముందు అదే ప్రాణం తీస్తుంది.

లింఫోమా అని ఖాయమైతే ఆశలు పెంచుకోకపోవడమే మంచిది. కీమోథెరపీ ప్రయత్నించిన సందర్భాలు కొద్దిగానే ఉన్నాయి, గుర్తించాక ఎక్కువ కాలం బతికేవి తక్కువ. బాధ లేకుండా సాగనంపే మాట డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి, అది లేవలేని స్థితికి వచ్చేదాకా ఆగొద్దు. హఠాత్తుగా చనిపోతే శవపరీక్ష చేయించండి. కళేబరాన్ని చల్లగా ఉంచండి గానీ గడ్డకట్టించకండి, గడ్డకట్టిన కణజాలం మైక్రోస్కోపు కింద సరిగ్గా కనిపించదు. ఆ ఉన్ని కింద వేడి తొందరగా తగ్గదు, లోపల కుళ్లడం త్వరగా మొదలవుతుంది. అందుకే డాక్టర్‌కి కబురు అదే పూట పంపండి.