నిమ్మగడ్డిలో మ్యుటేషన్ బ్రీడింగ్: మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

మ్యుటేషన్ బ్రీడింగ్ అంటే కిరణాలతోనో రసాయనంతోనో మొక్క జన్యువుల్లో మార్పు తెచ్చి, మంచి గుణం వచ్చిన మొక్కల్ని ఎంచుకోవడం. పిలకలన్నీ ఒకే తల్లి దుబ్బు నుంచి తీయండి. రకాలు కలిస్తే తర్వాత కనిపించిన తేడా కిరణాల వల్ల వచ్చిందో, మొదటి నుంచీ ఉన్నదో తేలదు. కిరణాలు పెట్టని పిలకలు కొన్ని పక్క వరుసలోనే నాటాలి.

మోతాదు ఎవరి పేపర్లోంచో ఎత్తి రాసుకోకండి. కొద్ది పిలకల మీద నాలుగైదు మోతాదులు పరీక్షించి, సుమారు సగం చచ్చిపోయే స్థాయి ఎక్కడో చూడండి. అసలు పనికి దాని చుట్టుపక్కల, కాస్త తక్కువ వైపు ఉంటే మేలు.

కోబాల్ట్-60 గామా చాంబర్‌ను (పిలకలకు గామా కిరణాలు పెట్టే యంత్రాన్ని) శిక్షణ పొందిన ఆపరేటరే నడపాలి. బయటికొచ్చిన పిలకల్లో రేడియేషన్ ఉండదు, మామూలుగానే పట్టుకోవచ్చు. ఆ టెన్షన్ ఈఎంఎస్ (ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్, కిరణాల బదులు వాడే రసాయనం) దగ్గర పెట్టుకోండి! అది క్యాన్సర్ కారకం, ఆవిరి కూడా ప్రమాదమే. ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగేసే అరలో) కలపాలి, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. నోటితో పిపెట్ పీల్చడం కుదరదు. మిగిలిన ద్రావణాన్ని, వాడిన గాజుసామాన్లను 10 శాతం సోడియం థయోసల్ఫేట్‌తో నిర్వీర్యం చేశాకే బయటికి. సింకులో నేరుగా పోయొద్దు.

మొదటి తరం చూసి సంబరపడకండి. ఒకే దుబ్బులో మారిన కణాలు, మారనివి కలిసే ఉంటాయి. పిలక పిలకనూ విడదీసి మూడు తరాలైనా నాటితేగానీ గుణం నిలబడిందో లేదో తెలియదు.

నూనె పోల్చేటప్పుడు కోత వయసు, కోసిన వేళ, ఆకు వాడబెట్టిన తీరు అన్నిటికీ ఒకటే ఉండాలి. దిగుబడి ఒక్కటే చాలదు, గ్యాస్ క్రొమటోగ్రఫీలో (నూనెలోని పదార్థాలను విడదీసి కొలిచే పరీక్షలో) సిట్రాల్ శాతం, అంటే నిమ్మవాసన ఇచ్చే ముఖ్య పదార్థం ఎంతుందో కూడా చూడాలి. లేబుళ్లు పెన్సిల్‌తో రాయండి, ఇంకు వానకు కారిపోతుంది.