ఎండలు ముదరకముందే ఇంటి దగ్గర కారును సిద్ధం చేసుకోవడం ఎలా?

ఒక మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నాం. కాజా టోల్‌గేటు క్యూలో ఉండగా టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లిపోయింది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. తీరా చూస్తే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, డబ్బాలో చుక్క లేదు. నెలల తరబడి బానెట్ ఎత్తి చూడలేదు, అంతే. అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు గంటలు కారుకే కేటాయిస్తున్నాను. ఈ పనులకు మెకానిక్ విద్య అక్కర్లేదు.

టైరు గేజి, మామూలు మల్టీమీటర్, 10 నంబరు పానా, పాత టూత్‌బ్రష్, వంట సోడా, కాస్త వాజిలిన్, రెండు పాత గుడ్డలు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో లేనివి ఆటోనగర్‌లో దొరుకుతాయి. రాత్రంతా ఆగి ఉన్న కారుతోనే మొదలుపెట్టండి. ఇంజిన్ చల్లగా ఉండాలి.

ముందు కూలెంట్

మన ఎండలకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బానెట్ ఎత్తితే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దాని మీద మిన్, మ్యాక్స్ అని రెండు గీతలుంటాయి. మట్టం ఆ రెండింటి మధ్య ఉండాలి. తగ్గితే మీ కారు మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే పోయండి. రంగు కలిసింది కదా అని ఏదో ఒకటి పోయొద్దు, ఒకే రంగులో వేరే వేరే రకాలు ఉంటాయి. నీళ్లు కలపాల్సిన రకమైతే డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపండి. చాలావాటికి అది సగం సగం. ముందే కలిపి అమ్మేది అలాగే పోసెయ్యొచ్చు.

బోరు నీళ్లు మాత్రం వద్దు. బకెట్ హీటర్‌కు పట్టే తెల్లటి పొరే రేడియేటర్ లోపలా పడుతుంది. పైగా నీళ్లు ఎక్కువైనకొద్దీ తుప్పు పట్టకుండా ఆపే మందు పలచబడుతుంది.

పోసిన వారానికే మట్టం మళ్లీ తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టే. కారు కింద మరకలు, గొట్టాల చివర్లు చూడండి. ఆయిల్ పోసే మూత లోపల పాలు కలిపిన కాఫీ రంగులో నురగ దట్టంగా కనిపిస్తే కారు తియ్యకండి. కూలెంట్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తూ ఉండొచ్చు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

దారిలో ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యొద్దు. లోపల ఒత్తిడితో మరుగుతున్న ద్రవం ముఖానికి చిమ్ముతుంది. కనీసం ముప్పావుగంట ఆగండి. అప్పటికీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంకా ఆగాలి.

బ్యాటరీ

బ్యాటరీ చలికి మొరాయిస్తుందని అంటారు గానీ దాని ఆయుష్షు తినేది ఎండే. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి రెండు టెర్మినళ్లకు ఆనించండి. 12.6 చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అంటే దాదాపు సగం. ఇంజిన్ స్టార్ట్ చేశాక సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే బ్యాటరీ కొనే ముందు దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను చూపించండి.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకుని ఉంటే ఇలా శుభ్రం చేయాలి:

1. ఇంజిన్ ఆపి, చేతికున్న ఉంగరం, కడియం తీసెయ్యండి.
2. ముందు మైనస్ వైరు విప్పండి, తర్వాత ప్లస్. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వలు లేస్తాయి.
3. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి బ్రష్‌తో రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.
4. ముందు ప్లస్, చివర మైనస్ బిగించి పైన వాజిలిన్ రాయండి.

గడియారం, రేడియో సెట్టింగులు పోతే మళ్లీ పెట్టుకోవాలి.

టైర్లు

ఎండాకాలం గాలి తక్కువ కొట్టించాలని చాలామంది నమ్మకం. దయచేసి అలా చేయకండి. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి, మరింత వేడెక్కి, హైవే మీద పేలే ప్రమాదం ఉంది. ఎంత గాలి ఉండాలో చాలా కార్లకు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. కారు కదలకముందే గేజి పెట్టి చూడండి. స్టెప్నీని మరిచిపోవద్దు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం.

ఫిల్టర్లు

ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టెను క్లిప్పులు విప్పి తెరవొచ్చు. నల్లబడితే మార్చండి. ఏసీ గాలి ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. గుంటూరులో మిర్చి యార్డు వైపు తిరిగేవాళ్లు సీజన్ అయ్యాక దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

బ్రేకులు, ఏసీ గ్యాస్, ఎయిర్‌బ్యాగుల పసుపు కనెక్టర్లు ఇంట్లో ముట్టుకోవద్దు. కారు జాకీ మీద ఉన్నప్పుడు కిందికి దూరొద్దు.

అన్నీ అయ్యాక నేల ఒకసారి చూడండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొద్దిగా కడుపులోకి వెళ్లినా వాటి ప్రాణం పోవచ్చు. మా సెల్లార్‌లో రెండు కుక్కలు పడుకుంటాయి. ఒలికిన ప్రతి చుక్కా గుడ్డతో తుడిచి, నీళ్లతో కడిగాకే పైకి వెళ్తాను.