చేపలు పట్టే స్పిన్నింగ్ రీల్‌కు సరైన దారం ఎంచుకోవడం, ముడి బలాన్ని ఇంట్లోనే పరీక్షించడం ఎలా?

చేప తప్పించుకుపోయినప్పుడు రాడ్‌కు మిగిలిన దారపు కొసను పారేయకుండా, దాన్ని వేలి మీద పెట్టుకుని వెలుతురులో చూడాలి. కొస సన్నని స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటే ముడి జారి ఊడిపోయిందని అర్థం. తెల్లబడి, గరుకుగా ఉంటే రాతికో మొద్దుకో ఒరుసుకుని తెగిందని అర్థం. కొన్నేళ్ల క్రితం చిత్తూరు దగ్గరి ఒక చెరువులో పెద్ద కొర్రమీను ఒకటి కట్ట దాకా వచ్చి, చేతికి అందబోయే క్షణంలో వదిలించుకుని వెళ్లిపోయింది. దారం నాసిరకమనుకుని బాధపడుతూనే కొస చూశాను. అది మెలికలు తిరిగి ఉంది. దారం బాగానే ఉంది, ముడి నిలవలేదు. అప్పటి నుంచి దారం కొనేటప్పుడు అట్ట మీద ముద్రించిన పౌండ్ల అంకెను (దారం తెగకుండా మోయగల బరువు) ఒక ఆరంభంగా మాత్రమే చూస్తున్నాను, ఎందుకంటే చేప లాగినప్పుడు మనకు అక్కరకొచ్చేది ముడి వేశాక మిగిలిన బలమే.

మొదట ఏ నీటిలో, ఏ చేప కోసం గాలం వేస్తున్నారో తేల్చుకోవాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చెరువుల్లో నీటి వైపు పేర్చిన రాళ్లు, నీట మునిగిన తుమ్మ మొద్దులు, గుర్రపు డెక్క దారానికి పెద్ద పరీక్ష పెడతాయి. జలాశయాల్లో, చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సంఘాలకో గుత్తేదారులకో ఉంటుంది కనుక ముందుగా అడిగి అనుమతి తీసుకోవాలి. కల్యాణి డ్యామ్ నీరు తిరుమల, తిరుపతి తాగునీటికి వెళ్తుంది కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

తరువాత దారం రకాన్ని ఎంచుకోవాలి. అంగళ్లలో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి.

చిన్నప్పటి నుంచి మేము టంగూసు అని పిలిచే నైలాన్ దారమే మోనోఫిలమెంట్. ఇది సాగుతుంది, అందువల్ల చేప ఒక్కసారిగా గుంజినా ఆ అదురును కొంత మింగుతుంది. ముడి కూడా దీనిపై బాగా కుదురుతుంది. అయితే నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, తడిసినప్పుడు దాని బలం కొంత తగ్గుతుంది. ఎండలో ఎక్కువ కాలం ఉంటే పెళుసుబారుతుంది. మే నెలలో రాడ్‌ను మిద్దె మీదనో కారు వెనుక అద్దం దగ్గరనో వదిలేసే అలవాటు ఉంటే దారాన్ని ఏడాదికొకసారైనా మార్చక తప్పదు. కొత్తగా నేర్చుకునేవారు మోనోతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

బ్రెయిడ్ అంటే పాలిథిలీన్ పోగులను జడలా అల్లిన దారం. ఇది దాదాపు సాగదు, నీటిపై తేలుతుంది, అదే బలం గల మోనో కంటే చాలా సన్నగా ఉంటుంది. 20 పౌండ్ల బ్రెయిడ్ సుమారు 6 పౌండ్ల మోనో అంత మందమే ఉంటుంది. దీని నునుపే దీని లోపం కూడా, ఎందుకంటే మోనోకు నిలిచే ముడి దీనిపై జారిపోవచ్చు. పైగా బిగువుగా ఉన్నప్పుడు రాతి అంచుకు రాసుకుంటే ఇది త్వరగా తెగుతుంది. ఇక ఫ్లోరోకార్బన్ నీటి కంటే బరువైనది కనుక మునుగుతుంది, నీటిలో తక్కువగా కనిపిస్తుంది, ఒరిపిడిని తట్టుకుంటుంది. కానీ బిరుసుగా ఉండటం వల్ల చిన్న స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే భాగం) మీద చుట్టలు చుట్టలుగా లేస్తుంది. అందుకే స్పిన్నింగ్ రీల్‌లో దీన్ని మొత్తం నింపడం కంటే చివరన లీడర్‌గా, అంటే గాలానికి ముందు వచ్చే పొట్టి దారం ముక్కగా, కట్టుకోవడమే మేలు.

దారం బలం విషయానికొస్తే, చిన్న చేపల కోసం 1000 లేదా 2000 సైజు రీల్‌లో 4 నుంచి 6 పౌండ్ల మోనో సరిపోతుంది. బొచ్చె, రోహు కోసం నేల ఎర వేసేవారికి 3000 లేదా 4000 సైజు రీల్‌లో 10 నుంచి 12 పౌండ్ల మోనో కావాలి. గుర్రపు డెక్కలోంచి కొర్రమీనును బయటికి లాగాలంటే 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్ ఉండాలి. తూపిలిపాలెం వంటి సముద్రతీరానికి వెళ్లేవారు అదే బ్రెయిడ్‌కు ముందు మందమైన మోనో లీడర్ కట్టుకోవాలి.

దారం చుట్టేటప్పుడు కొన్న ఉండను అట్ట పైకి కనిపించేలా నేల మీద పడుకోబెట్టి, దారాన్ని తడి గుడ్డతో వేళ్ల మధ్య పట్టుకుని ఇరవై చుట్లు చుట్టి ఆపాలి. తరువాత దారాన్ని కొద్దిగా వదులు చేసి చూడాలి. అది మెలితిరిగితే ఉండను తిరగేసి కొనసాగించాలి. బ్రెయిడ్ నేరుగా స్పూల్ మీద జారుతుంది కనుక అడుగున కొన్ని మీటర్ల మోనో చుట్టాలి. స్పూల్ అంచుకు రెండు, మూడు మిల్లీమీటర్ల కింద ఆపాలి. అంతకన్నా నింపితే విసిరినప్పుడు చుట్టలు ఊడిపడతాయి, తక్కువైతే దూరం పోదు.

ఇప్పుడు ముడి. సాధారణ ముడి వేస్తే దారం బలం సగానికి పడిపోవచ్చు, కాబట్టి ఒకటి రెండు మంచి ముళ్లను చీకట్లో కూడా వేయగలిగేంతగా నేర్చుకోవాలి. అన్ని దారాలకూ పనికొచ్చేది యూని ముడి. కొసను గాలం కన్నులోంచి దూర్చి, జానెడు వెనక్కి తెచ్చి అసలు దారం పక్కనే పట్టుకోవాలి. కొసను కన్ను వైపు మడిచి ఉచ్చులా చేసి, ఆ ఉచ్చులోంచి రెండు పోగులనూ కలిపి చుట్టాలి. మోనోకు ఐదు చుట్లు, బ్రెయిడ్‌కు ఎనిమిది చుట్లు వేయాలి. కొసను లాగితే చుట్లు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కూర్చుంటాయి. ఇక్కడే ఆగి ముడిని నీటితో తడపాలి. పొడిగా బిగిస్తే ఒరిపిడి వేడికి దారం పైపొర దెబ్బతిని, ముడి పక్కన తెల్లని మచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చ కనిపిస్తే కోసి మళ్లీ వేయాలి. తడిపాక అసలు దారాన్ని నిదానంగా లాగి ముడిని కన్ను దాకా జార్చి, కొసను మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించాలి. ఒక చుట్టు మరొక చుట్టు మీదికి ఎక్కితే అక్కడే తెగుతుంది.

బ్రెయిడ్‌ను లీడర్‌కు కలపడానికి రెండు యూని ముళ్లను ఎదురెదురుగా వేసి బిగించవచ్చు. బ్రెయిడ్‌ను నేరుగా గాలానికి కట్టేటప్పుడు పాలొమార్ ముడి నమ్మదగినది. దారాన్ని రెండు పేటలుగా మడిచి కన్నులోంచి దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని దాటించి, తడిపి, పోగులన్నీ కలిపి లాగితే అది పూర్తవుతుంది.

ముడి ఎంత నిలుస్తుందో ఇంట్లో బకెట్‌తోనే తెలుసుకోవచ్చు. దారాన్ని గంటసేపు నీటిలో నానబెట్టాలి. నున్నని గుండ్రటి కర్రను ఎత్తుగా అడ్డం కట్టి, దారం పై కొసను దానికి పది, పన్నెండు చుట్లు చుట్టి చివరను టేపుతో అంటించాలి. ఇలా చుడితే పైన ముడి ఉండదు కనుక బలం తగ్గదు. కింది కొసకు గాలం బదులు ఒక ఉక్కు రింగును ముడివేసి, దానికి ఖాళీ బకెట్‌ను తగిలించాలి. బకెట్ నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, కింద గోనెపట్టా పరచాలి. ఒక లీటరు సీసాతో లెక్కపెడుతూ నీళ్లు పోయాలి. లీటరు నీరు కిలో బరువు కదా, బకెట్ బరువు కలిపితే లెక్క సరిపోతుంది. తెగబోతున్నట్టు అనిపించినప్పుడు పావు లీటరు చొప్పున పోయాలి. ముఖాన్ని మాత్రం దూరంగా ఉంచాలి. తరువాత రింగు, ముడి లేకుండా కింది కొసను కూడా మరో చిన్న కర్రకే చుట్టి, ఆ కర్రకు బకెట్‌ను వేలాడదీసి, దారం సొంత బలాన్ని ఇలాగే కొలవాలి. దారం ఐదు కిలోలకు తెగి, ముడి నాలుగు కిలోలకు తెగితే మీ చేతి ముడి బలం 80 శాతం. ఒక్కసారి చూసి నిర్ణయించకుండా ఐదుసార్లు చేసి, వాటిలో అతి తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే చెరువు గట్టున మీరు వేసేది మీ ఉత్తమ ముడే అవుతుందన్న హామీ లేదు.

రీల్ డ్రాగ్‌ను (చేప గట్టిగా లాగితే దారాన్ని జారనిచ్చే బిగింపు) ఆ అంకెలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు పెట్టాలి. ముడి నాలుగు కిలోలు మోస్తే, సంచులు తూచే స్ప్రింగు కాటాతో లాగినప్పుడు సుమారు ఒక కిలో దగ్గర స్పూల్ జారాలి. చేప లాగుతూ డ్రాగ్ జారుతున్నప్పుడు పిడిని తిప్పకూడదు. 5.2 గేరు ఉన్న రీల్‌లో, అంటే పిడి ఒక చుట్టుకు దారం చుట్టే భాగం 5.2 చుట్లు తిరిగే రీల్‌లో, పిడి ఒక్కసారి తిరిగితే దారంలో ఐదు మెలికలు పడతాయి.

ప్రతి పెద్ద చేప తరువాత, రాళ్లలో చిక్కుకున్న ప్రతిసారీ, చివరి మీటరు దారాన్ని గోటితో తడిమి చూసి, గరుకు తగిలితే అంతమేర కోసి ముడి మళ్లీ వేయాలి. కోసిన ముక్కలను జేబులో వేసుకుని ఇంటికి తీసుకురావాలి. నేలపట్టు గూడబాతుల వంటి నీటి పక్షుల కాళ్లకు, రెక్కలకు ఆ ముక్కలు చుట్టుకుంటే అవి ఎగరలేవు.