నవ్వుల కథలతో జాతీయాలు – మూడో పాఠం: "అమ్మా, ఏ చెవి?"

పోయిన పాఠంలో సామెతకీ జాతీయానికీ తేడా చూశాం. సామెతను ఉన్నదున్నట్టు వాడేస్తాం. జాతీయం అలా కాదు, వాక్యంలో కలిసిపోయి మనిషిని బట్టి, కాలాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది: నీళ్ళు నమిలాడు, నీళ్ళు నములుతోంది, నీళ్ళు నమలకుండా చెప్పు. వారం రోజుల్లో మీ ఇంట్లో వినిపించిన జాతీయాలు ఒక కాగితం మీద రాసుకోమన్నాను కదా, అది తెచ్చుకోండి. ఈ రోజు పని దానితోనే.

ఆ జాబితాలోంచి ఒక్క జాతీయాన్ని తీసుకుని, కథ చదివి వినిపిస్తూ, ఆరేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లల నోట పలికించాలి. ఒక్కటంటే ఒక్కటే. ఒక కథలో అయిదారు కుక్కితే పిల్లలకు కథా మిగలదు, మాటా మిగలదు.

ముందు మీ కాగితం మీద ఉన్నవాటిలో బొమ్మ గీయడానికి వీలైనవాటికి టిక్కు పెట్టండి. కాళ్ళకు బుద్ధి చెప్పడం, కళ్ళు నెత్తికెక్కడం, కడుపులో ఎలుకలు పరుగెత్తడం, తల తినడం, చెవులు కొరుక్కోవడం. వీటిని ఉన్నదున్నట్టు ఊహించుకుంటే చాలు, నవ్వొస్తుంది. తిలోదకాలు ఇవ్వడం లాంటివి పక్కన పెట్టేయండి. నువ్వులూ నీళ్ళూ ఎందుకు వదులుతారో చెప్పి, ఆ తర్వాత మాట చెప్పి, నవ్వించడం ఈ వయసుకి కుదిరే పని కాదు. ఒంటి లోపాన్ని ఎత్తి చూపేవి అసలే వద్దు. వాటితో వచ్చే నవ్వు క్లాసులో ఎవరో ఒక బిడ్డను గాయపరుస్తుంది.

మాటను మాటగానే పట్టుకుంటే నవ్వు పుడుతుందని మన పెద్దలకు ఎప్పటి నుంచో తెలుసు. పరమానందయ్య శిష్యుల కథల్లో ఏరు నిద్రపోతోందా, మేలుకుందా అని చూడటానికి మండే కొరివిని నీళ్ళలో ముంచుతారు. అది చుయ్యిమంటే, అమ్మో మేలుకునే ఉందని వెనక్కి వస్తారు. తర్వాత ఆరిపోయిన ఆ కట్టెనే ముంచితే చప్పుడు రాదు, హమ్మయ్య నిద్రపోయిందని ఏరు దాటతారు. పిల్లలు ఇక్కడ పడీ పడీ నవ్వుతారు, ఎందుకంటే శిష్యులకు తెలియని సంగతి తమకు తెలుసు. పాఠం చెప్పేవాళ్ళకు ఆ నవ్వు చాలా విలువైనది. "నాకు తెలుసు" అన్న ధైర్యం వచ్చిన పిల్లవాడే కొత్త మాటను నోరు తెరిచి వాడతాడు.

ఇంగ్లీషులో కూడా ఇదే కిటుకుతో నడిచే పిల్లల పుస్తకం ఉంది. పెగ్గీ పారిష్ 1963లో రాసిన అమీలియా బెడీలియా. ఫర్నిచర్ డస్ట్ చేయమని యజమానురాలు చీటీ రాసిపెడితే, ఆ పనిమనిషి పౌడర్ తెచ్చి కుర్చీల మీద చల్లుతుంది. అమెరికాలో పెరిగే మన పిల్లలకు తెలుగు చెబుతున్నవాళ్ళు దీనితో మొదలుపెట్టి చూడండి. "అమీలియా మన ఇంటికి వచ్చి అమ్మమ్మ మాటలు వింటే ఏం చేస్తుంది?" అని అడిగితే పిల్లలే కథ అల్లుతారు.

ఇక సాధన. ఈ చిన్న కథను రెండు కాగితాల మీద రాసుకోండి.

మొదటి కాగితం: నాన్నమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "మీ అమ్మా, పిన్నీ పొద్దుట్నుంచీ వంటింట్లో చెవులు కొరుక్కుంటున్నారురా. నాకు మాత్రం చెప్పరు" అంది. చింటూకి భయం వేసింది. పరుగున వెళ్ళి దూది, పసుపు డబ్బా, పాత గుడ్డ పీలిక తెచ్చాడు. వంటింటి తలుపు ముందు నిలబడి, "అమ్మా, ఏ చెవి?" అని అరిచాడు.

రెండో కాగితం: అమ్మ నోరు పిన్ని చెవి దగ్గరుంది. ఎల్లుండి నాన్నమ్మ పుట్టినరోజుకి కేకు ఎక్కడ చెప్పాలా అని గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. చింటూ పిన్ని చెవులు రెండూ తిప్పి తిప్పి చూశాడు. బుట్టలు ఊగుతున్నాయి, గాటు ఒక్కటీ లేదు. "మరి కొరికింది ఎక్కడ?"

మొదటి కాగితం చదివాక ఆపండి. అర్థం చెప్పొద్దు. ఇక్కడే చాలామంది టీచర్లు తొందరపడతారు, "చెవులు కొరుక్కోవడం అంటే రహస్యంగా మాట్లాడుకోవడం, రాసుకోండి" అనేస్తారు. అంతటితో కథ చచ్చిపోతుంది. మీరు మాత్రం "తలుపు తీస్తే లోపల ఏం కనిపిస్తుంది? బొమ్మ గీయండి" అనండి. అయిదు నిమిషాలు ఇవ్వండి. నేను మూడో తరగతి పిల్లలతో చేసినప్పుడు ఒక పాప రెండు తలల మధ్య తెగిపడిన జుంకీ గీసింది. ఒక బాబు చెవుల మీద ఉప్పూకారం చల్లాడు. ఏ బొమ్మనూ తప్పనకండి, అన్నీ గోడకి అంటించండి.

తర్వాత రెండో కాగితం చదవండి. నవ్వు సద్దుమణిగాక ఇద్దరు పిల్లల్ని ముందుకు పిలిచి, ఒకరి చెవిలో ఒకరిని ఏదైనా రహస్యం చెప్పుకోమనండి. మిగతావాళ్ళను గది చివరికి వెళ్ళి చూడమనండి. ఆ రోజు నా క్లాసులో వెనక నుంచి ఒక బాబు "టీచర్! దూరం నుంచి చూస్తే నిజంగా కొరుకుతున్నట్టే ఉంది!" అని గట్టిగా అరిచాడు. ఆ మాట ఎలా పుట్టి ఉంటుందో వాడికి కళ్ళకు కట్టింది. నేను అర్థం చెప్పాల్సిన అవసరమే రాలేదు. మీ దగ్గర ఎవరూ గమనించకపోతే "వాళ్ళు ఏం చేస్తున్నట్టు కనిపిస్తోంది?" అని అడగండి, చాలు.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, వాడుక. అర్థం తెలిసిన పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు. చెవులు కొరుక్కోవడానికి కనీసం ఇద్దరు కావాలి. ఒక్కడే గొణుక్కుంటుంటే ఆ మాట సరిపోదు. పైగా దాన్ని ఎక్కువగా పక్కనున్నవాళ్ళు అంటారు, కాస్త విసుగుతోనో అనుమానంతోనో: "ఏంటర్రా, వెనక బెంచీలో చెవులు కొరుక్కుంటున్నారు?" అలాగే కాళ్ళకు బుద్ధి చెప్పాడు అంటే భయపడి పారిపోయాడని. బస్సు అందుకోవడానికి పరుగెత్తినవాడికి అది వాడకూడదు. ఇవన్నీ సూత్రాలుగా చెప్పకండి. మూడు సందర్భాలు చెప్పి ఎక్కడ అతుకుతుందో పిల్లలనే తేల్చమనండి: పరీక్షలో ఇద్దరు గుసగుసలాడటం, తాత ఒక్కడే పాట గొణుక్కోవడం, పెళ్ళిలో మైకులో పేర్లు పిలవడం. కారణం కూడా వాళ్ళ నోటితోనే చెప్పించండి.

ఎవరైనా తప్పుగా వాడితే నవ్వకండి, ఎవరినీ నవ్వనివ్వకండి. మనం నవ్వాల్సింది చింటూని చూసి, పక్కన కూర్చున్న పిల్లను చూసి కాదు. ముఖ్యంగా ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు జాతీయం విని నిజంగానే కంగారు పడతారు, పెద్దవాళ్ళు పకపకా నవ్వితే ఆ మాట మళ్ళీ ఎత్తరు. "నువ్వన్నది వినగానే నాకూ అదే బొమ్మ కనిపించింది" అని, సరైన వాక్యం మీరు మామూలుగా అనేయండి.

సొంతంగా కథ రాయడం కష్టమనిపిస్తే, ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. నవ్వొచ్చే కథ ఒకటి తీసుకుని, అందులో ఒక పాత్ర మాటల్లో మీ జాతీయాన్ని చేర్చి చదవండి. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు కూడా మీ దగ్గర ఉండాలి. పెద్దల మాటలు పిల్లవాడి చెవికి ఎలా వినిపిస్తాయో మనకు పట్టుబడాలంటే దాన్ని మించింది లేదు. కానీ చిన్న పిల్లలకు అంతా ఒకేసారి చదవకండి, అందులో చాలా హాస్యం పెద్దవాళ్ళకే అందుతుంది.

ఈ వారం ఇంటిపని: "నీళ్ళు నమలడం" తీసుకోండి. ఇలాగే రెండు కాగితాల కథ రాయండి, ఒక్కొక్కటి అయిదారు వాక్యాలు మించకూడదు. మొదటి కాగితం పిల్లవాడు పొరబడిన చోట ఆగాలి. రెండోదానిలో అర్థం ఎక్కడా చెప్పకుండా, చూడగానే తెలిసిపోయేలా ఉండాలి: పగిలిన పూలకుండీ, "ఎవరు పగలగొట్టారు?" అని అడిగే నాన్న, కదిలీ కదలని అక్క పెదవులు. చదివి వినిపించాక అయిదు రోజులు ఆ మాట మీరై ఎత్తకండి. పిల్లలు తమంతట తాము ఎప్పుడు, ఎవరి గురించి వాడారో తేదీ వేసి రాసుకోండి.

వచ్చే పాఠంలో కుంభకర్ణ నిద్ర, భగీరథ ప్రయత్నం. వీటికి వెనక కథ ముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా అన్నది చూద్దాం.